ఒకే దారి ఉన్న ఊరికి మూడు వారాల తిండి ఎలా దాచిపెట్టాలి?

కొండదారి:

అందరికీ నమస్కారం. మాది కొండ మీద 34 ఇళ్ల ఊరు. చంటిపిల్లలతో కలిపి 160 మందిమి. కిందికి దిగడానికి ఒకటే రోడ్డు, దాని మీద ఒకటే వంతెన. పోయిన వానాకాలంలో కొండచరియ విరిగిపడి ఆ వంతెన కొట్టుకుపోయింది. 11 రోజులు ఎటూ కదల్లేకపోయాం.

ఆరో రోజుకే చాలా ఇళ్లలో గింజలు నిండుకున్నాయి. మబ్బులు కిందికి దిగి ఉండటంతో హెలికాప్టర్ తొమ్మిదో రోజు దాకా రాలేకపోయింది. మా పక్కింటి పెద్దావిడ తన వాటా మనవరాలికి పెట్టి, తను నీళ్లు తాగి పడుకునేదట. ఈ సంగతి తర్వాత తెలిసింది. రోజూ ఆమెను పలకరిస్తూనే ఉన్నాను, కానీ ఒక్కసారి కూడా నాకు అనుమానం రాలేదు. అప్పటి నుంచి మనసు కుదురుగా లేదు.

ఇంకోసారి అలా జరగకూడదని ఊరంతా కూర్చుని డబ్బులు పోగు చేశాం. నేను బడిలో లెక్కల టీచర్‌ని కాబట్టి కొనుగోలు బాధ్యత నాకు అప్పగించారు. బడి కింద సగం భూమిలోకి ఉన్న గది ఒకటి ఉంది. చల్లగా ఉంటుంది, తాళం పడుతుంది. సరుకంతా అందులో పెడదామని మా ఆలోచన. మూడు వారాలకు సరిపడా అయితే చాలా? మనిషికి ఎంత లెక్క వేయాలి? ఏవి ఎన్నాళ్లు నిలవ ఉంటాయి? పురుగు పట్టకుండా బస్తాల్లో బిళ్లలు వేసి గది మూసేయమని ఒకాయన చెప్పారు, అది మంచిదేనా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి. వానలకు ఇంకా నాలుగు నెలలే ఉంది.

పాత స్టోర్‌కీపర్:

టీచర్ గారూ, ముందు ఆ బిళ్లల సంగతి. దయచేసి వాటి జోలికి వెళ్లకండి. అవి అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో తేమ తగలగానే ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతాయి. పురుగును చంపేది ఆ వాయువే, మనిషినీ చంపుతుంది. పెద్ద గోదాముల్లో శిక్షణ పొందినవాళ్లు బస్తాల దొంతర మొత్తానికి పట్టా కప్పి, అంచులు మూసి, మనుషులను దూరంగా ఉంచి, మాస్కులు పెట్టుకుని చేసే పని అది. మీ గది పైన పిల్లలు కూర్చుంటారు. ఆ వాయువు చిన్న సందుల్లోంచి కూడా పక్క గదుల్లోకి పాకుతుంది. ఆ మాట చెప్పినాయనకు కూడా ఇది వివరంగా చెప్పండి, ఇంకో ఊరికి అదే సలహా ఇవ్వకుండా.

నేను 19 ఏళ్లు సహాయ సామగ్రి గోదాముల్లో స్టోర్‌కీపర్‌గా పనిచేశాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఎన్ని రోజులకు అన్న ప్రశ్నకు మూడు వారాలు అన్న మీ అంచనా సరిగ్గానే ఉంది. జపాన్ ప్రభుత్వం ప్రతి ఇంట్లో కనీసం మూడు రోజులకు, వీలైతే వారానికి తిండి ఉంచుకోమంటుంది. అమెరికాలో ఆరిగన్, వాషింగ్టన్ రాష్ట్రాలు పెద్ద భూకంపాన్ని దృష్టిలో పెట్టుకుని రెండు వారాలకు సిద్ధంగా ఉండమంటాయి. అక్కడ చాలా ఊళ్లకు ఒకటికి నాలుగు దారులుంటాయి. మీకున్నది ఒకటే. 2022 జనవరి 15న టోంగా అనే పసిఫిక్ ద్వీపదేశం దగ్గర సముద్రంలో అగ్నిపర్వతం పేలినప్పుడు రాజధాని విమానాశ్రయం రన్‌వే అంతా బూడిద పేరుకుంది. దాన్ని మనుషులు చేతులతో ఎత్తిపోశాక, 20వ తేదీకి గాని మొదటి సహాయ విమానం దిగలేదు. రాజధానికే అన్ని రోజులు పట్టింది. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో భూకంపం వచ్చింది. సహాయ సామగ్రి దించుకునే కేంద్రాన్ని కాఠ్మండు విమానాశ్రయంలో సరిగ్గా అంతకు ముందు నెలలోనే తెరిచి ఉంచారు. అది ఉండబట్టి సరుకు త్వరగా దిగింది. కానీ దారులు తెగిన కొండ ఊళ్లకు ఆ సరుకును కూలీల వీపుల మీద, కంచర గాడిదల మీద మోయించాల్సి వచ్చింది. విమానం దిగిన చోటికీ మీ గుమ్మానికీ మధ్య ఉన్న దూరమే మీ అసలు సమస్య. దానికి తగ్గట్టే లెక్క వేసుకోవాలి.

ఎంత అంటే, విపత్తు సమయంలో మనిషికి రోజుకు సగటున 2,100 కేలరీలు కావాలని, సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాలు చెబుతాయి. సహాయ శిబిరాల రేషన్లకూ ఇదే కొలత. గింజల్లో చెప్పాలంటే మనిషికి రోజుకు బియ్యమో గోధుమో మీరు రోజూ తినేది 450 గ్రాములు, పప్పు 60 గ్రాములు, నూనె 25 గ్రాములు, చక్కెర 15 గ్రాములు, అయోడిన్ ఉప్పు 5 గ్రాములు వేసుకుంటే దాదాపు ఆ కేలరీలు వస్తాయి. 160 మందికి 21 రోజులంటే గింజలు 1,512 కిలోలు, పప్పు 202 కిలోలు, నూనె 84, చక్కెర 50, ఉప్పు 17. చంటిపిల్లలకు అంత పట్టదు గాని లెక్కలోంచి తీయకండి. ఆ మిగులే దారిలో చిక్కుకుని మీ ఊరికి చేరిన కొత్తవాళ్లకు పనికొస్తుంది. నూనెను డబ్బాల్లో, చీకట్లో ఉంచండి. వెలుతురు, వేడి తగిలితే పాత వాసన పట్టేస్తుంది. బస్తాలు 25 కిలోలవి తీసుకోండి. చీకట్లో, వానలో 50 కిలోల బస్తాను మెట్ల మీద మోయడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఇప్పుడు పప్పు గురించి. ఈ ఒక్క విషయం మీకు బాగా ఎక్కాలని నా కోరిక.

ఒకసారి కొండచరియలు పడి దారి మూసుకుపోయిన ఒక ఊళ్లో, ముందుజాగ్రత్తగా దాచిన గది తాళం తీశాం. సరుకు లెక్కకు లెక్క సరిగ్గా ఉంది. బస్తా చిరగలేదు, పురుగు లేదు. అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆ గదిలో ఉన్నది రాజ్మా గింజలు. రేకుల కప్పు కింద, వేసవి వేడిలో, వానాకాలపు చెమ్మలో నాలుగేళ్లు ఉన్నాయి. రాత్రంతా నానబెట్టి పొద్దున్నే పొయ్యి మీద పెట్టాం. మూడు గంటలు ఉడికించినా వేళ్ల మధ్య నలగలేదు. వేడిలో, తేమలో ఏళ్ల తరబడి ఉన్న పప్పుగింజల లోపలి అల్లిక గట్టిపడిపోతుంది. ఎంత ఉడికించినా నీరు లోపలికి సరిగ్గా వెళ్లదు. మధ్యాహ్నానికి ఉన్న పొడి కట్టెల్లో సగం అయిపోయాయి. ఆకలికి ఆగలేక కొందరు పిల్లలు సగం ఉడికినవే తిన్నారు. రాజ్మా సరిగ్గా ఉడకకపోతే అందులో ఉండే సహజమైన విషపదార్థం వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది. ఆ రాత్రి పిల్లలను ఒళ్లో పెట్టుకుని ఆ తల్లులు పడిన బాధ చూశాను. కాగితం మీద చూస్తే ఆ ఊరికి మూడు వారాల తిండి ఉంది. కుండలోకి మాత్రం రాలేదు.

అందుకే పొట్టు తీసి బద్దలు చేసిన పప్పు కొనండి. త్వరగా ఉడుకుతుంది, కట్టె తక్కువ పడుతుంది. అదైనా ఏడాదికి మించి ఉంచకండి. మీది బాగా ఎత్తైన చోటైతే ఇంకో చిక్కు ఉంది. 3,000 మీటర్ల ఎత్తులో నీరు 90 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, పప్పు మామూలు గిన్నెలో ఉడకడానికి చాలాసేపు పడుతుంది. ప్రెషర్ కుక్కర్లు కూడా నిలవ సరుకులో భాగమే అనుకోండి. పొడి కట్టెలు, అగ్గిపెట్టెలు, పెద్ద గిన్నెలు కూడా. బద్దల పప్పు బాగా మరిగాక గిన్నెను దుప్పట్లతోనో గడ్డితోనో గట్టిగా చుట్టి పెడితే ఆ వేడికే చాలా మట్టుకు ఉడుకుతుంది. రాజ్మాకు మాత్రం అలా చేయకండి, దాన్ని పొయ్యి మీదే పూర్తిగా మరిగించాలి.

గింజలకు శత్రువు తేమ. కొనేటప్పుడే పరీక్షించండి. బాగా ఎండిన గాజు సీసాలో సగం దాకా గింజలు పోసి, పొడి ఉప్పు గుప్పెడు వేసి, మూత పెట్టి కాసేపు ఊపండి. ఉప్పు గాజుకు అంటుకుంటే తేమ 15 శాతం దాటిందన్నమాట, ఆ బస్తా వద్దనండి. ఎండిన సరుకును గాలి చొరబడని సంచుల్లో మూతి బిగించి కడితే లోపలి పురుగులు ఉన్న ఆక్సిజన్ వాడేసుకుని అవే చచ్చిపోతాయి. పిక్స్ సంచులని వస్తాయి, లోపల రెండు ప్లాస్టిక్ పొరలు, పైన నేసిన సంచి. అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు కామెరూన్ రైతుల అలసందల కోసం మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఏ మందూ అక్కర్లేదు. తేమ ఉన్న గింజలు మాత్రం వాటిలో వేయకండి, బూజు పడతాయి.

గది విషయంలో మీతో ఏకీభవించలేను. సగం భూమిలోకి ఉన్న గది చల్లగా ఉంటుంది, నిజమే. కానీ వరద వస్తే ముందు నీళ్లు చేరేది అక్కడికే. పై అంతస్తులో గాలి ఆడే గది, రేకు కప్పైతే కింద సీలింగ్ ఉన్నది చూడండి. బస్తాలు నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు మీటరు ఎడంగా పెట్టండి. ఆ సందులో మీరు నడవగలిగితే ఎలుక జాడ కూడా కనబడుతుంది. కొండచరియ పడే వాలుకు ఆ గది ఎదురుగా ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదు కదా.

నర్సు_డ్యూటీలో:

పైన స్టోర్‌కీపర్ గారు చెప్పిన రాజ్మా సంగతి చదివి నాకు ఒళ్లు జలదరించింది. విరేచనాలు పట్టుకున్నాక అంబులెన్స్ రాలేని ఊళ్లో ఉండటం ఎలా ఉంటుందో చూసినదాన్ని. అందుకే తిండితో పాటు ఇవి కూడా చూసుకోండి.

టీచర్ గారూ, మీ ప్రశ్నలో నీళ్ల ప్రస్తావన లేదు. తాగడానికి, తిండికి కలిపి మనిషికి రోజుకు రెండున్నర నుంచి మూడు లీటర్లు తప్పనిసరి. కడుగుకోవడంతో కలిపితే కనీసం 15 లీటర్లు. పొడి సరుకంతా నీళ్లు మింగేదే. మీ ఊట బురదగా మారితే ఎక్కడి నుంచి తెస్తారో ఇప్పుడే ఆలోచించండి. బురద నీటిని ముందు తేరనిచ్చి గుడ్డతో వడకట్టాలి. తర్వాత బాగా తెర్లేలా ఒక నిమిషం మరిగించాలి, 2,000 మీటర్ల పైన ఉంటే మూడు నిమిషాలు. కట్టె లేకపోతే, వాసన రంగు కలపని మామూలు బ్లీచ్ 5 నుంచి 9 శాతం మధ్య ఉన్నది లీటరుకు రెండు చుక్కలు వేసి అరగంట ఆగాలి. బ్లీచ్ పాతబడితే బలం తగ్గుతుంది, కొన్న తేదీ సీసా మీద రాయండి.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు తప్పక ఉంచండి. అవి అయిపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, రెండూ తలకొట్టిన కొలతలు. ఉప్పు అంతకంటే ఎక్కువ పడకూడదు. ఈ కొలత గది తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి.

పసిపిల్లల కోసమని పాలపొడి డబ్బాలు కొనడానికి ఊళ్లో ఎవరో ఒకరు తొందరపడతారు. మంచి మనసుతోనే అంటారు. కానీ శుభ్రమైన నీళ్లు, మరిగించిన సీసా లేని చోట పాలపొడే బిడ్డకు విరేచనాలు తెచ్చిపెడుతుంది. ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలు చాలు. కాబట్టి తల్లికి తిండి ముందు పెట్టండి. ఏ కారణం వల్లనైనా డబ్బా పాల మీదే ఆధారపడ్డ బిడ్డ ఉంటే, ఆ ఒక్క బిడ్డకు సరిపడా విడిగా ఉంచి, కలిపే పద్ధతి ఆ తల్లికి ఇప్పుడే నేర్పించండి.

పాలిష్ పట్టిన తెల్ల బియ్యం మీదే వారాలు గడిపితే బి1 విటమిన్ తగ్గిపోతుంది, శరీరంలో దాని నిల్వలు రెండు మూడు వారాలకు మించి ఉండవు. పప్పు వాటా తగ్గించి ఆ డబ్బుతో బియ్యం కొందామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. షుగరు, బీపీ, మూర్ఛ మందులు వాడేవాళ్ల పేర్లు రాసుకుని నెల మందులు ముందుగా తెప్పించండి. అవి మాత్రం ఎవరింట్లో వాళ్ల దగ్గరే ఉండాలి.

ఇంకొక్క మాట, చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మీ పక్కింటి పెద్దావిడ లాంటి వాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఇంటికి ఇంత అని సరుకు ఇచ్చేస్తే వాళ్ల కంచంలోకి చేరదు. ఒంటరి పెద్దవాళ్లకు, పిల్లలున్న పెద్దవాళ్లకు ఒక పూటైనా అందరితో కలిపి వండి, ఎదురుగా కూర్చోబెట్టి వడ్డించండి.

అవతలి ఒడ్డు:

నేనూ ఒక మాట. మాది నది మధ్యలో ఉన్న ఊరు. స్టోర్‌కీపర్ గారి మాటలన్నీ బాగున్నాయి గాని, ఒకే గదిలో అంతా పెట్టడం దగ్గర నాకు భయం.

మేం అలాగే పెట్టాం. వరద వచ్చిన రాత్రి తాళంచెవి ఉన్న పెద్దమనిషి అవతలి ఒడ్డున చిక్కుకుపోయాడు. రెండు రోజులు ఆగి తాళం పగలగొట్టాం. అంతవరకు ఫర్వాలేదు. పగలగొట్టాక ఎవరికెంత అన్న లెక్క లేదు. ముందు వచ్చినవాళ్లు ఎక్కువ పట్టుకెళ్లారు. చివరి వీధి వాళ్లకు ఉప్పు మిగిలింది. ఆ మనస్పర్థలు మూడేళ్లైనా మానలేదు, పెళ్లిళ్లకు కూడా పిలుచుకోని ఇళ్లు ఉన్నాయి.

ఇప్పుడు ఇలా చేస్తున్నాం. ఒక వారం తిండి ఎవరింట్లో వాళ్లు అదనంగా ఉంచుకుంటారు. ప్రత్యేకంగా దాచడం కాదు, రోజూ తినే సరుకే ఒక వారం ఎక్కువ కొంటారు. పాతది ముందు వండుకుని, వాడినంత మళ్లీ కొంటారు. జపాన్ వాళ్లు దీన్నే రోలింగ్ స్టాక్ అంటారట. మిగతాది ఊరికి రెండు వైపులా రెండు చోట్ల ఉంది. ఒక్కో చోటికి మూడు తాళంచెవులు, మూడు వేర్వేరు ఇళ్లలో, అందులో ఒకటి తప్పకుండా ఆడవాళ్ల దగ్గర. మనిషికి రోజుకు ఎన్ని గ్లాసులో గోడ మీద పెయింట్‌తో రాశాం. కొలిచే గ్లాసును కూడా గొలుసుతో అక్కడే కట్టేశాం. అది కట్టాక గొడవ లేదు.

కొండదారి:

మీ ముగ్గురికీ చేతులెత్తి నమస్కారం. నిన్న రాత్రి ఊరి కమిటీలో ఇదంతా చదివి వినిపించాను. బిళ్లల మాట వచ్చినప్పుడు గదిలో ఎవరూ కదల్లేదు. ఆ సలహా ఇచ్చినాయనే లేచి, తనకు తెలియక చెప్పానని అన్నారు.

బడి కింద గది మానేశాం. వారం తిండి ఇళ్లలో, మిగతా రెండు వారాలది రెండు చోట్ల. గింజలు 1,008 కిలోలు, అంటే 25 కిలోలవి 41 బస్తాలు. బడి పై గదిలో 21, ఊరికి ఆ చివర ఉన్న రాతి ఇంట్లో 20. మధ్యలో చిన్న వాగు ఉంది కాబట్టి ఒక వైపు తెగినా ఇంకోవైపు వాళ్లకు వారం గడుస్తుంది.

ఒక చోట మాత్రం ఆగిపోయాం. ఆరు ఇళ్లలో ఏ రోజు కూలి ఆ రోజు తిండికే సరిపోతుంది. వారం సరుకు అదనంగా కొనండి అని వాళ్లకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇంకో సంగతి, పప్పు ఏడాదికి మించి ఉంచొద్దన్నారు. మరి ప్రతి ఏడూ పాతదాన్ని ఏం చేయాలి? అమ్మితే సగం ధర కూడా రాదు.

పాత స్టోర్‌కీపర్:

టీచర్ గారూ, ఆ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే. కూలి పనులు లేని నెలల్లో ఆ ఆరు ఇళ్లకు ఊరి నిలవలోంచి పాత పప్పు, పాత గింజలు అప్పుగా ఇవ్వండి. చేతిలో పని ఉన్నప్పుడు కొత్త సరుకు అంతే తూకం తిరిగి తెచ్చి పోస్తారు. వడ్డీ వద్దు. గింజల బ్యాంకు అని చాలాచోట్ల ఇలాగే నడుస్తుంది. ఒకటే షరతు, వానలకు నెల ముందు అప్పులన్నీ తిరిగి వచ్చి రెండు గదులూ నిండి ఉండాలి. వాళ్ల ఇళ్ల వారం సరుకు కూడా మొదటిసారి ఊరి డబ్బుతోనే కొనండి.

మిగిలిన పాత పప్పును బడి పిల్లలకు వండండి. ఎప్పుడు వండినా ఎంతసేపట్లో ఉడికిందో ఒక పుస్తకంలో రాయండి. కిందటిసారి కంటే బాగా ఎక్కువ సేపు పడితే ఆ బస్తాలన్నీ వెంటనే వాడేసి కొత్తవి తేవాలి. బస్తా మీద ఉన్న తేదీ కంటే నేను ఆ పుస్తకాన్నే నమ్ముతాను.

కొండదారి:

అలాగేనండి. ఆరు ఇళ్లకూ నేనే వెళ్లి మాట్లాడతాను, కమిటీలో అందరి ముందు పేర్లు చదవను.

మొదటి పప్పు బస్తా శనివారం వస్తోంది. ఆదివారం బడి ఆవరణలో ఒక కిలో ఉడకేసి చూస్తాం. ఎన్ని నిమిషాలు పట్టిందో, ఎన్ని కిలోల కట్టె కాలిందో తూచి పుస్తకం మొదటి పేజీలో రాస్తాను, ఇక్కడా పెడతాను. పక్కింటి పెద్దావిడను రుచి చూడటానికి రమ్మన్నాను. వస్తానంది, మనవరాలిని కూడా తీసుకొస్తుందట.